చెయ్యి కనబడని గోడ

"మొండన్నా, మిషిన్ దిగింది. ఇగ నీ బ్రష్‌లు కడిగి మూట గట్టుకో," అన్నాడు కాంట్రాక్టర్ మహిపాల్.

మొండయ్య చేతిలోని రోలర్ కింద పెట్టలేదు. మడికొండలో లేస్తున్న ఈ కొత్త ఇంటి రంగుల పని తనకేనని మాటిచ్చింది ఈ మహిపాలే. మొన్న రెండిళ్లు ఇలాగే చేజారాయి. ఇదీ పోతే తనకూ, తనతోపాటే పనికొచ్చే భార్య భాగ్యమ్మకూ రేపు పొద్దున లేచి వెళ్లడానికి చోటు లేదు.

మూలన బకెట్టంత మిషను కూర్చుని ఉంది. గాలితో పని లేకుండా, పంపు ఒత్తిడితోనే రంగును గన్నులోంచి చిమ్ముతుందట. సొంతానికి కొన్న మురిపెంతో మహిపాల్ దానికి బొట్టు పెట్టి, దండ కూడా వేశాడు. ముప్పై ఏళ్లుగా గోడలకు రంగులేస్తున్న మొండయ్యను ఎవరూ ఒక్క దండతో పలకరించిన పాపాన పోలేదు.

"ఒక్క గది నాకియ్యి సారూ. ఎదురు గది మిషిన్‌కియ్యి. ఏది ఎవలదో చెప్పకుండ మేడమ్‌కు సూపియ్యి. ఆమెకు నచ్చినోళ్లకే ఇల్లంత."

మహిపాల్ నవ్వాడు. "సరే. గోడ మీద చెయ్యి కనబడ్డదంటె మల్ల నన్ను అడగొద్దు."

చెయ్యి కనబడటమంటే బ్రష్ గీతలు, రోలర్ అతుకులు తెలియడం. ఆ మాట మొండయ్యకు గుచ్చుకుంది. భాగ్యమ్మ పాత చీర చింపి రంగును మూడుసార్లు వడగట్టింది. అతను పూత వేయడం, ఆరాక బల్బును గోడ పక్కన ఏటవాలుగా పట్టి చూడడం, గీత కనబడ్డ చోటల్లా రుద్ది మళ్లీ వేయడం. మూడు రోజులు అదే పని. తిండి కూడా నిలబడే తిన్నాడు.

"సింధు నాయినా, గోడ మీద నీ చెయ్యే కనబడ్తలేదు," అంది భాగ్యమ్మ.

"కనబడొద్దనే గదనే ఇంత తిప్పల."

మిషను గదికి గంట చాలన్నారు కాబట్టి దాన్ని మూడో రోజు మధ్యాహ్నం గానీ ఆన్ చేయలేదు. ఆపరేటర్ రాజమౌళి రంగు వడగట్టకుండానే పెట్టేశాడు. గన్ను మూతి మూసుకుపోయి తుంపర్లు కక్కింది. గోడ నిండా రంగు చారలు చారలుగా కారింది. సరిచేద్దామంటే ఇంటి ఓనరు శోభారాణి కారు అప్పటికే గేటు ముందు ఆగింది. మొండయ్య తొంగి చూశాడు. ఒకరి పని చెడితే సంతోషించడం పాపమే. అయినా సంతోషించాడు.

ఒక గది మిషనుది, ఒకటి చేతిపని అని మాత్రమే చెప్పి, మహిపాల్ ఇచ్చిన మాట ప్రకారం ఏది ఎవరిదో చెప్పలేదు. శోభారాణి మొదట మిషను గదిలోకి వెళ్లి, "అయ్యో, ఇట్ల కారిందేంది?" అంటూ మొహం చిట్లించుకుని బయటికొచ్చింది. తర్వాత మొండయ్య గదిలోకి వెళ్లింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గోడను అరచేత్తో తడుముతూ నడిచింది.

"ఒక్క గీత లేదు. ఎంత సాఫుగున్నది. నాకు ఇల్లంత ఇట్లనే కావాలె. ఈ గది చేసినోళ్లకే పనిచ్చెయ్యండి మహిపాల్ గారూ."

భాగ్యమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మొండయ్య చేతులు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు.

శోభారాణి అతని రంగు చేతుల వంక చూసి జాలిగా దగ్గరికొచ్చింది. "ఏమనుకోకు పెద్దాయనా. ఆ కారిన గది నీదే గదా? వయసు మీద పడ్డంక చెయ్యి వణుకుతది, నీ తప్పేం లేదు. గానీ మిషిన్ ముందల మనిషి ఏం నిలబడ్తడు చెప్పు?"

"అమ్మా, అది..." అని మొండయ్య నోరు తెరిచేలోపే మహిపాల్ అందుకున్నాడు.

"మూడు రోజులసంది నేనూ అదే చెప్తాన మేడం, వింటలేడు."