కిటికీలోంచి సముద్రం

“ఈ సర్జ్ ప్రొటెక్టరే తీసుకుందాం. క్యాంప్‌సైట్‌లో కరెంటు ఎక్కువైతే వెంటనే ఆపేస్తుందట. నీ ఆక్సిజన్ మిషన్ కాలిపోదు,” అన్నాడు శేషగిరి.

ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో, క్యాంపర్‌వ్యాన్ల సామాన్లమ్మే షాపది. సుధేష్ణ ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుంది.

“కరెంటు ఆగితే నా సంగతేంటండీ?”

“మిషన్‌లో బ్యాటరీ ఉందిగా. అది అయిపోయేలోగా హాస్పిటల్‌కి తీసుకెళ్లిపోతాను.”

“హాస్పిటల్‌కి వద్దు.”

“అదేం మాట?”

“ఇంక చేసేదేం లేదని డాక్టర్ మీ ముందేగా చెప్పాడు! సముద్రం చూపిస్తానన్నారు. నన్నక్కడే ఉండనివ్వండి. మళ్లీ వెనక్కి తీసుకురాకండి.”

ఇన్నాళ్లూ శేషగిరి తమ వ్యాన్‌లో ఒక్కొక్కటే అమర్చింది, ఆమెను క్షేమంగా ఇంటికి తీసుకురావడానికే. ఆమె మాత్రం వెళ్లిపోవడం గురించే ఆలోచిస్తోంది.

“ఆల్ గ్రాండ్?” అని, అంతా బాగేనా అన్నట్టు, షాపతను నవ్వుతూ వచ్చాడు.

శేషగిరి ప్రొటెక్టర్‌ని అతని చేతికిచ్చాడు. “ఇది ఇవ్వండి,” అని ఇంగ్లీషులో చెప్పి, ఆగి, మళ్లీ అడిగాడు.

“పడుకున్న మనిషికి కిటికీలోంచి సముద్రం కనపడే క్యాంప్‌సైట్ ఎక్కడుంది?”

సుధేష్ణ అతని చెయ్యి పట్టుకుంది.