బెంచీ మీద కుర్రాడు

“ఆ బెంచీ మీద పడుకున్నది మా అబ్బాయే బాబూ,” అంది పెద్దావిడ, బట్టల సంచి పక్కన పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంటూ.

బొమ్మలాయన ముందు ఎడిటరమ్మ గది వైపు చూశాడు. వాళ్ళ వెబ్‌సైటులో వ్యాసాలకు ఫోటోలు వెతికిపెట్టేది అతనే. ఆఫీసులో అందరూ బొమ్మలాయన అనే పిలుస్తారు. మొన్నామధ్య ఎవరిదో పెళ్ళి ఫోటో అడక్కుండా వాడితే లాయరు నోటీసు వచ్చింది. ఇంకొకటి వస్తే నీ కుర్చీ ఖాళీ అని ఎడిటరమ్మ మొహం మీదే చెప్పింది.

అప్పట్నుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసి ఉన్న ఫోటోలే తీసుకుంటున్నాడు. ‘సోమరితనం వదిలేదెలా’ అన్న వ్యాసానికి ఇదీ అలా దొరికిందే. ఏదో బస్టాండు. బెంచీ మీద గడ్డం మాసిన కుర్రాడు, చెప్పుల్లేని కాళ్ళు, పట్టపగలు ఒళ్ళెరగని నిద్ర. తీసినవాడు అనుమతిచ్చాడు. పడుకున్నవాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

“పక్కింటమ్మాయి ఫోన్లో చూపించింది బాబూ. చూడగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అందుకే...”

“కన్నతల్లికి ఎలా ఉంటుందో నాకు తెలీదా అమ్మా?” మంచినీళ్ళ గ్లాసు ఆమె చేతికిచ్చాడు. “లాయరు దగ్గరికేమన్నా వెళ్ళారా?”

“లాయరెందుకు? మీరొక్క మాట చెబితే చాలు. ఆ ఫోటో...”

“మాటెందుకమ్మా, పనే చేసి చూపిస్తా. కూర్చోండి.”

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. అతను తన సీటు దగ్గరికి పరుగెత్తాడు. సైటులోంచి ఫోటో తీసేశాడు. కంప్యూటర్లో దాచిన కాపీ చెరిపేశాడు. ఫోటో తీసినవాడికి, అది దొరికిన చోటు నుంచే మెసేజి పెట్టాడు: ‘కుర్రాడి తాలూకువాళ్ళు గొడవకొచ్చారు. కోర్టుకెక్కితే ఇద్దరం మునుగుతాం.’

టీ చల్లారేలోపే జవాబొచ్చింది. ‘నాకెందుకొచ్చిన పీడ. నేనెవరో వాళ్ళకు చెప్పకండి.’ ఆ వెంటనే ఫోటో పోయింది, దానికింద రాసుకున్న వివరాలు పోయాయి, అతగాడి ఖాతా కూడా పోయింది. మళ్ళీ తెరిస్తే తెల్లటి పేజీ.

ఎడిటరమ్మ తలుపు దగ్గర నిలబడి అడిగింది. “ఏమంటుంది ఆవిడ?”

“మొదలంటా తుడిచేశాను మేడం.”

“నోటీసు రాదుగా?”

“ఆధారం ఉంటేగా.”

ఎడిటరమ్మ నవ్వింది. అతన్ని చూసి ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. బొమ్మలాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. అదే ఊపులో పెద్దావిడ దగ్గరికొచ్చాడు.

“ఇక గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోండమ్మా. మేం తీసేశాం. తీసినవాడి చేత కూడా తీసేయించాను.”

పెద్దావిడ అతని మొహంలోకి అయోమయంగా చూసింది. “ఆయన ఫోను నంబరు... పోనీ, అది ఏ ఊరి బస్టాండో...”

“ఊరూ లేదు, పేరూ లేదు. ఆనవాలు కూడా మిగల్చలేదు. మీ అబ్బాయి ఇంకెవరి కంటా పడడు, సరేనా?”

ఆమె గ్లాసు కింద పెట్టి, బట్టల సంచి ఒళ్ళోకి తీసుకుంది.

“నేను వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాను బాబూ.”