స్ట్రాంగ్ రూములో పెళ్లికూతురు

"ముందా గ్యాస్ కట్టరు ఆపండి! లోపలున్నది బీరువా కాదు, ఆడపిల్ల! పొగకే పోతుంది!"

కృపానందం గారి కేకకి వెల్డింగు మనిషి మంట ఆర్పేశాడు. ఫంక్షన్ హాలు ఓనరు రాజబాబు పరుగున వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"దేవుడల్లే వచ్చేరండీ. పెళ్లికూతురు లోపలికెళ్లిందండీ, తలుపు మూసుకుపోయింది. పన్నెండు పదికి ముహూర్తం. ఇంక పావుగంటే ఉందండి. ఈ తలుపు సంగతి తెలిసినోళ్లు అమలాపురం మొత్తమ్మీద మీరొక్కరేనంట కదండీ?"

"స్ట్రాంగ్ రూముని పెళ్లికూతురి గది చేసిన బుర్ర ఎవరిదయ్యా?"

"నాదేనండీ. కిటికీల్లేవు కదండీ, ఏసీ బాగా ఆగుద్దండి."

కృపానందం అతన్ని ఎగాదిగా చూశారు. ఈ భవనం బ్యాంకుగా ఉన్నప్పుడు ఇరవై రెండేళ్లు ఇక్కడే హెడ్ క్యాషియరుగా పనిచేసిన మనిషాయన. నడుమ ఒక్క స్తంభం లేకుండా, గొడుగు మడతల్లాంటి కాంక్రీటు కప్పు వేసి కట్టిన హాలది. కొత్తలో పనిలేకపోయినా లోపలికొచ్చి, తల పైకెత్తి చూసి పోయేవారు జనం. బ్యాంకు ఖాళీ చేశాక చీరల కొట్టువాడు వచ్చి ఆ కప్పుకి కొక్కేలు దిగ్గొట్టాడు. తరవాత కోచింగువాళ్లు ప్లైవుడ్డు అడ్డాలు పెట్టి కోళ్లగూళ్లు చేశారు. ఇప్పుడీ రాజబాబు, కిటికీల ముందు ఎండకి అడ్డంగా ఆనాడే కట్టిన కాంక్రీటు పలకలన్నిటికీ బంగారు రంగు పూశాడు. అంతటితో ఊరుకోక, స్తంభాలు లేకపోవడమే అందమైన హాల్లో థర్మోకోలుతో పన్నెండు స్తంభాలు చేయించి నిలబెట్టాడు.

"గుమ్మంలో ఆ ప్లాస్టరు ఏనుగులేమిటయ్యా? తొండాలు సొరకాయల్లా ఉన్నాయి."

"లక్ష్మీకళ అండీ!" అన్నాడు రాజబాబు గర్వంగా.

ఇంతలో పెళ్లికూతురి తండ్రి వీరవెంకటరమణ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "క్యాషియరు గారూ, మగపెళ్లివారు మొహాలు మాడ్చుకుంటున్నారండి. నాలుగొందల మంది ముందు పరువు పోద్ది. తొందరగా కానివ్వండి."

"మీ అమ్మాయికి లోపల గాలాడుతుందో లేదోనన్న బెంగ లేదేటండీ మీకు?"

"ఆయ్, అదీ ఉందనుకోండి," అన్నాడాయన వాచీ చూసుకుంటూ.

కృపానందం తలుపు వైపు తిరిగారు. "నంబరు తిప్పాలి. ఎవరూ చూడకూడదు. అందరూ దూరంగా పొండి," అని కసిరారు. జనం వేదిక దాకా వెనక్కి తగ్గారు.

తలుపు పక్కన గోడలో, మోకాలెత్తున, జల్లెడ బిగించిన గాలిగొట్టం ఉంది. ఆయన నేలమీద చతికిలబడి దానికి నోరు దగ్గరగా పెట్టారు.

"అమ్మా, భయపడకు. ఎవరన్నా చిక్కుకుపోతే బయటికి రావడానికని లోపలివైపు ఇనప పిడి పెట్టేరు. కుడిచేతి వైపు తడిమి చూడు. కిందకి లాగితే చాలు, తెరుచుకుంటుంది."

గొట్టానికి అవతల కూర్చుని ఉన్నట్టు, మరీ దగ్గరగా వినబడింది పెళ్లికూతురు దుర్గాశ్రీ గొంతు.

"ఆ పిడి నా చేతిలోనే ఉందండీ. తలుపు నేనే వేసుకున్నాను."

"ఏటమ్మా?"

"పొద్దున్న ఫొటోలప్పుడు సరిగ్గా నవ్వలేదని కొట్టేడండి పెళ్లికొడుకు. నాన్నకి చెప్తే, ముహూర్తం అయ్యాక మాట్లాడదాంలే అన్నారు. మా మాధురక్కకి ఫోన్ చేశానండీ, కాకినాడలో బయల్దేరింది. రెండు గంటలు పడుతుందంట. ఈలోగా బయటికొస్తే, పీటల మీద కూర్చోబెట్టి తాళి కట్టించేస్తారండీ."

కృపానందం తల తిప్పి చూశారు. థర్మోకోలు స్తంభాల నడుమ పెళ్లికొడుకు సెల్ఫీ దిగుతున్నాడు. వీరవెంకటరమణ వియ్యంకుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆయన చెప్పిన ప్రతిదానికీ ఆయ్, ఆయ్ అంటున్నాడు.

ఆయన మోకాళ్లు పట్టుకుని లేచారు. తలుపు మీది నంబరు చక్రాన్ని నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పారు. చెవి ఆనించి విన్నారు. ఆఖరికి తలుపుని ఒక్క గుంజు గుంజి వదిలేశారు. చప్పుడుకి రాజబాబూ వీరవెంకటరమణా పరిగెత్తుకొచ్చారు.

"నంబరు పడిందాండీ?"

"పడిందండీ, టైం లాకు పడింది," అన్నారు కృపానందం, తలుపుకి వీపు ఆనించి. "మధ్యాహ్నం మూడింటిదాకా ఈ బ్యాంకు తెరుచుకోదు."