అవసరం

యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ పై అంతస్తులో సదస్సు జరుగుతోంది.

ఏప్రిల్ నెల. తలమీద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి.

మాట్లాడుతున్నది దానియేలు. భాషాశాస్త్రంలో కొత్తగా చేరిన లెక్చరరు. మద్రాసు నుంచీ మైసూరు నుంచీ వచ్చిన ప్రొఫెసర్ల ముందు పత్రం చదవడం అతనికి అదే మొదటిసారి.

జడ్చర్ల దగ్గరి పల్లె నుంచి అతణ్ణి ఇక్కడిదాకా తెచ్చింది అక్క కాశమ్మ. తల్లీతండ్రీ పోయాక కైకిలు పనికి పోయి, తన పెళ్లి మాట ఎత్తనివ్వకుండా, తమ్ముణ్ణి మిషన్ హాస్టల్లో ఉంచి చదివించింది. పెద్దవాళ్ల ముందు అతను మాట్లాడుతుంటే చూడాలని ఉందని కబురు చేసింది. అతనే వద్దన్నాడు. సదస్సు అయ్యాక, ఆదివారం రమ్మన్నాడు.

అక్క నెత్తిన కొంగు కప్పుకొని ఆ హాల్లో కూర్చోవడం అతను ఊహించుకోలేకపోయాడు.

అతను ఎంచుకున్నది ఒకే మాట. అవసరం.

సంస్కృతంలో అది అదను అన్నాడు. మలయాళంలో ఇప్పటికీ ఆ అర్థమే. హిందీలో సందర్భం. కన్నడానికీ తమిళానికీ వచ్చేసరికి తొందర అయింది. తెలుగులోనేమో లేకపోతే గడవనిది.

"కాబట్టి అవసరమని తమిళుడంటే మనం పరుగెత్తాలి. తెలుగువాడంటే జేబు తడుముకోవాలి."

హాలంతా నవ్వింది. మద్రాసు ప్రొఫెసరు బల్ల చరిచాడు.

ఆ నవ్వు ఆగకముందే అటెండరు గట్టయ్య పక్కకు వచ్చి వంగాడు.

"సార్, బయట ఎవరో మనిషి. మీ పేరే అంటున్నడు. ఏదో అవసరమట."

ఎవరో చందాకో, సిఫారసుకో వచ్చి ఉంటారనుకున్నాడు దానియేలు. కూర్చోబెట్టమన్నాడు.

కాసేపటికి గట్టయ్య మళ్లీ వచ్చాడు. ఆ మనిషి కూర్చోవడం లేదని, లోపలికి రాబోతే తను ఆపానని చెప్పాడు.

దానియేలు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"అవసరం ఉన్నోడు ఆగుతడు, గట్టయ్యా."

పత్రం బాగుందన్నారు. చేతులు కలిపారు. టీలు తాగారు. అన్నీ అయ్యాక అతను బయటికి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది.

ఆ మనిషి చాలాసేపు చూసి వెళ్లిపోయాడన్నాడు గట్టయ్య. బతిమాలుతూ దండం కూడా పెట్టాడట.

"ఏం మాట్లాడిండో నాకు సమజ్ కాలే సార్. అవసరం, అవసరం అన్నదొక్కటే తెలిసింది."

"ఏం భాష?"

"అరవం లెక్క ఉన్నది."

దానియేలు గబగబా మెట్లు దిగి పరుగెత్తాడు. రోడ్డు మీద ఎండ తప్ప ఎవరూ లేరు. అడిక్‌మెట్ వైపు వెళ్లి చూశాడు. వెనక్కి వచ్చి తార్నాక బస్టాపులో వాకబు చేశాడు. ఎవరూ చూడలేదన్నారు.

తన పేరు తెలిసిన అరవాయన ఎవరై ఉంటాడో అతనికి తోచలేదు. ఆ మనిషి మాట అర్థమయ్యేవాళ్లు ఆ హాల్లోనే నలుగురైదుగురు ఉన్నారు. మధ్యలో ఒక్క తలుపే అడ్డం.

సాయంత్రం తార్నాకలో తనుండే ఇంటికి చేరేసరికి, ఇంటావిడ భూదేవి గేటు దగ్గరే నిలబడి ఉంది. పోలీసు జవాను వచ్చి వెళ్లాడని చెప్పింది. మాట మింగుతూ చెప్పింది.

"మీ అక్క సర్కారు దవాఖాన్ల ఉన్నదట సారూ. జల్ది పోండ్రి."

అతను వెళ్లేసరికి కాశమ్మ మొహం మీద దుప్పటి కప్పి ఉంది.

దుప్పటి తీసి చూశాడు. అతను కిరస్మసుకు కొనిచ్చిన నీలంచీర కట్టుకుని ఉంది. ఆదివారందాకా ఆగలేక, ఇవాళే బయల్దేరి వచ్చింది.

వార్డులో నర్సు మలయాళీ ఆవిడ. తమిళమూ వచ్చు. జరిగింది ఆవిడే చెప్పింది.

కాచిగూడలో రైలు దిగగానే కాశమ్మ ఎండదెబ్బకు ప్లాట్‌ఫారం మీద పడిపోయింది. మూగినవాళ్లు మూగినట్టే ఉన్నారు. తన బండి కోసం వచ్చిన ఒక తమిళాయన, ఆ బండి వదులుకుని, ఆమెను రిక్షాలో వేసుకొచ్చాడు. తెలుగు ముక్క రాదు. దానియేలు, యూనివర్సిటీ అని ఆమె నోట వచ్చిన రెండు మాటలు పట్టుకుని మళ్లీ ఎండలో పడి వెళ్లాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

"అప్పుడు ఆమెకు ఇంకా తెలివి ఉందండీ. గుమ్మం వైపే చూస్తూ ఉంది," అంది నర్సు.

దానియేలు మంచం అంచు పట్టుకున్నాడు.

ఆయన ఎక్కడున్నాడని అడిగాడు. కాశమ్మ కళ్లు మూసి, దుప్పటి కప్పి వెళ్లిపోయాడట. పేరు నర్సు అడగలేదు.

అతను అక్క మొహం వైపు చూస్తూ అడిగాడు.

"నా గురించి ఏమన్నా అడిగిందా?"

నర్సు లేదన్నట్టు తల ఊపింది.

"చూపు పోయాక 'తమ్మీ, వచ్చినవా' అంది. వాళ్ల భాషలో తంబి అన్నా తమ్ముడే కదా. తననే పిలిచిందనుకుని ఆయన 'అక్కా' అన్నాడు."

నర్సు దుప్పటి మళ్లీ సర్దింది.

"ఇంక ఎవరినీ అడగలేదండీ, తమ్ముడి చెయ్యి పట్టుకునే పోయింది."