అనంతపురం గింజలు

ఫోన్ చెవికి పెట్టుకుని వహీద్ మళ్లీ నవ్వాడు.

వంటింట్లో పాలసీసాలు కడుగుతున్న యాస్మీన్ చెయ్యి ఆగిపోయింది. తనతో మాట్లాడుతూ ఆయన అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో! తండ్రి నవ్వు విని చంకలో అమాన్ కూడా కిలకిలలాడాడు. వాడి మీద కూడా కోపమొచ్చింది.

"ఏమంటది మీ సుజన మేడం?"

"గింజలు పంపిందంట. అమాన్‌కు పల్లీ ఉండలు గూడ పెట్టిందంట."

వహీద్ చెట్లు నాటే ఒక సంస్థలో పనిచేస్తాడు. శంషాబాద్ అవతల బోడిగుట్టల మీద దిరిసెన చెట్లు పెంచాలి. ఏ ఊరి గింజ వాడాలన్నది తేలడం లేదు. ఒక రకం తాండూరు దగ్గర యాస్మీన్ పుట్టినూరివి, వాళ్ల అబ్బా ఏరి పంపినవి. ఇంకో రకం అనంతపురం నుంచి, అక్కడ చెట్ల పని చూసే సుజన పంపేవి. శాలిబండలో తమ ఇంటి మిద్దె మీదే నల్ల కవర్లలో మట్టి నింపి, రెండు రకాలూ పెట్టి చూస్తున్నాడు వహీద్. ఏది గెలిస్తే ఇక ఏటా ఆ ఊరికే పోయి, రోజుల తరబడి ఉండి గింజలు ఏరించాలి.

తాండూరైతే యాస్మీన్ కూడా వెంట పోవచ్చు. అమ్మీ పిల్లాణ్ణి చూసుకుంటుంది. అనంతపురమైతే...

సుజన డిగ్రీ చదివింది. యాస్మీన్ ఎనిమిదిలోనే బడి మానింది.

"మా ఊరి గింజలు మంచిగనే మొలిచినయి గద. ఇంక ఆమె గింజల ఫికర్ ఎందుకు నీకు?"

"ఎండలు ఎట్ల ముదురుతున్నయో చూస్తలేవా? ఇప్పుడు నాటిన చెట్టు అమాన్ ముసలోడయ్యేదాక ఉండాలె. అప్పటికి మన దగ్గర గూడ అనంతపురం లెక్కనే ఎండలు, గవే వానలు అంటున్నరు. గా ఎండ మరిగిన చెట్టు గింజ అయితేనే ఆగుతది."

"మా అబ్బా మీద గూడ ఎండ మస్తు పడతది."

వహీద్ నవ్వలేదు. ఇదే మాట సుజన అంటే నవ్వేవాడు.

"ఆమె గింజలు రెండుసార్లు పెడితే ఒక్కటి మొలవలే. ఈసారి గూడ మొలవకుంటే మీ అబ్బా గింజలే ఖాయం, సరేనా?"

గింజలు వచ్చాయి. పల్లీ ఉండల్ని యాస్మీన్ అటక మీద పెట్టి మరిచిపోయింది. చీమలు మరిచిపోలేదు. వహీద్ మాత్రం ఒక్కో గింజనూ అరచేతిలో వేసుకుని, తిప్పి తిప్పి చూశాడు.

అత్త ఖైసర్ బేగం ఊరుకుంటుందా? "నిన్ను చూడొచ్చిననాడు గూడ మావోడు గింత సేపు చూడలే బహూ!" అంది.

గింజల్ని స్టీలు గిన్నెలో చన్నీళ్లలో నానబెట్టి, పొద్దున కవర్లలో పెడతానని చెప్పి వహీద్ సాయంత్రం అసర్ నమాజుకు పోయాడు.

పొయ్యి మీద పాలసీసాల కోసం పెట్టిన నీళ్లు మరుగుతున్నాయి. ఒకవేళ ఈసారి మొలిస్తే? యాస్మీన్ గిన్నెలో నీళ్లు ఒంపేసింది. మరిగే నీళ్లన్నీ గింజల మీద గుమ్మరించింది. ఆవిరి మొహానికి కొట్టింది.

"చావుండ్రి" అంది. మరుక్షణం భయమేసింది. పిల్లల తల్లి అనాల్సిన మాటేనా? ఉయ్యాలలో నిద్రపోతున్న అమాన్‌ను లేపి మరీ గుండెకు హత్తుకుంది.

పొద్దునకు నీళ్లు చల్లారిపోయాయి. వహీద్‌కు అనుమానం రాలేదు.

రెండు వారాలు తిరగకముందే మిద్దె మీద నుంచి వహీద్ కేక వినిపించింది. యాస్మీన్ పరుగెత్తింది. సుజన గింజలు పెట్టిన ప్రతి కవర్‌లోనూ మొలక.

ఎండలు ముదిరాక తాండూరు మొక్కలు తలలు వాల్చేశాయి. అనంతపురంవి నిలబడ్డాయి. మరిగే నీళ్లకే చావనివి ఎండకేం చస్తాయని యాస్మీన్ కడుపు మండింది. ఇక ఏటా అనంతపురమే అని సంస్థ తేల్చింది. వహీద్ మిఠాయి తెచ్చాడు. ఆమె ముట్టలేదు.

మొక్కలు చూడడానికి సుజన వచ్చింది. మిద్దె ఎక్కుతూనే ఒక్కో ఆకునూ తాకి చూసింది. వెనకే యాస్మీన్ కూడా ఎక్కింది.

"ఈసారి ఏం చేసినారు?"

"కొత్తగ ఏం లేదు మేడం. ముందు లెక్కనే చన్నీళ్లల్ల నానబెట్టిన" అని, వహీద్ చాయ్ చెప్పడానికి కిందికి దిగాడు.

సుజన ఒక్క క్షణం ఆలోచనలో పడింది. తర్వాత యాస్మీన్ వైపు చూసింది. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"సలసల మరిగే నీళ్లు పోయందే మా తావు గింజ నోరు తెరవదు వదినా, అన్నకు ఆ మాట చెప్పేదే మర్చిపోయినా, నీకెవరు చెప్పినారు?"