నీటి మీద తేలిన తునక

మూడు రోజులుగా అక్కయ్యకు అన్నం సయించడం లేదు.

ఆ ఆసుపత్రి ల్యాబులో ఆమెది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి, గాజు పలక మీదికి ఎత్తడం ఆమె పని. పెద్ద డాక్టరుతో సహా అందరూ ఆమెను అక్కయ్య అనే పిలుస్తారు. ఆమె చేసిన స్లయిడులో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆ డాక్టరే పదిమందిలో అంటుంటాడు. ఆయన నోటి వెంట మెచ్చుకోలు రావడమే అపురూపం.

గొడవంతా సోమవారం నాటి స్లయిడుతో వచ్చింది. ఒక చంటిబిడ్డ తల్లికి రొమ్ములో గడ్డ. డాక్టరు దాని ముక్కను మామూలు మైక్రోస్కోపులో చూశాడు. గడ్డ పెద్దగా భయపడాల్సింది కాదు. కానీ ఓ మూలన చిన్న గుంపుగా కొన్ని కణాలు, అడ్డదిడ్డంగా, పెద్ద పెద్ద కేంద్రకాలతో కనిపించాయి. క్యాన్సరే. అయితే రొమ్ము కణాల పోలిక వాటికి లేదు.

అవి ఏ అవయవానివో తేల్చుకోవడానికి స్లయిడు మీంచి ఆ కాస్త తునకనూ ఊడదీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పంపాడు. ఆ చీకటి గదిలో కూర్చునే ఆపరేటరును అందరూ గుడ్లగూబ అంటారు. గురువారం పొద్దున గుడ్లగూబ ఫొటోలు తెచ్చి బల్ల మీద పరిచాడు. కణాల లోపల చారలు చారలుగా సన్నని గింజలున్నాయి. చర్మానికి రంగు తయారుచేసే కణాల్లో ఉండే గింజలవి.

"చర్మం క్యాన్సరు రొమ్ము దాకా పాకిందంటే మాటలు కాదు," అన్నాడు డాక్టరు.

మర్నాడే ఆపరేషను. రొమ్ము తీసేస్తారు, ఆపైన ఘాటు మందులు. బిడ్డకు పాలు మాన్పించమని అప్పుడే చెప్పేశారు. వరండాలో ఆ తల్లి సీసా పట్టిస్తుంటే వాడు తల తిప్పేసుకుని ఆమె జాకెట్టు లాగుతున్నాడు. అక్కయ్య అటు రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. విప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఏమీ జరగనట్టు ఉండిపోవాలని ఎంత ఆశగా ఉందో గమనించుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి గుండె రాయి చేసుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"ఆ కణాలు ఆ అమ్మాయివి కావు సార్. సోమవారం దానికంటే ముందు ఇంకో ముక్క కోశాను. తర్వాత నీళ్ళ మీద కాగితం లాగి శుభ్రం చెయ్యడం మర్చిపోయాను. దాని తునక తేలుతూ ఉండి దీనికి అంటుకుంది."

కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పది. చెయ్యకూడదని వాళ్ళకు నేర్పేదే ఆవిడ.

డాక్టరు నీళ్ళు మార్పించి, ఆ తల్లి ముక్క ఉన్న మైనం దిమ్మలోంచే పన్నెండు స్లయిడులు మళ్ళీ కోయించాడు. అన్నీ తనే కూర్చుని చూశాడు. చెడ్డ కణం ఒక్కటీ లేదు. ఆపరేషను రద్దయింది. సంగతి విని ఆ తల్లి ఏడ్చిన ఏడుపు ల్యాబు దాకా వినిపించింది.

అప్పుడు డాక్టరు రిజిస్టరు తెరిచాడు. సోమవారం మొదటి వరసలో ఆ తల్లి పేరే ఉంది. అంతకు ముందు ఇంకెవరి పేరూ లేదు.

"తిట్టడానికి కాదక్కయ్యా," అన్నాడు. "ఆ ముందు ముక్క ఎవరిదో చెప్పండి. పాపం, వాళ్ళకు ఇంకా తెలిసి ఉండదు. ఇవాళే పిలిపించాలి."

అక్కయ్య కుర్చీలో కూలబడి, వంగి, ఎడమకాలి బూటు విప్పి, అరికాలి మీద మచ్చ తీయించుకున్న చోట ఇంకా ఆరని కుట్లు చూపించింది.