అమ్మకానికి లేని సైకిలు

“సైకిలు నీకే గదమ్మా?”

సుచరిత గుమ్మంలోనే ఆగిపోయింది. మార్కాపురంలో ఆమె ఎక్కి దిగిన దుకాణాల్లో ఇది నాలుగోది. ముందటి మూడింట్లోనూ “పాప ఏ క్లాసు?” అనే అడిగారు. నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి సైకిలు కొనడానికొస్తే అది పిల్లలకే అయ్యుండాలని ఊరంతా కూడబలుక్కున్నట్టుంది.

“నాకేనన్నా. ఆదివారం మా బడి టీచర్లందరం కంభం చెరువు దాకా తొక్కుకుంటా పోతున్నాం. ఎంత దూరం పోయినా నడుం పట్టకూడదు. పదివేలు దాటకూడదు.”

అసలు సంగతి ఆమె చెప్పలేదు. తర్లుపాడు బడి స్టాఫ్ రూములో అందరి ముందూ మహేష్ సారు, “సుచరిత మేడమ్ పులిహోర గిన్నెలతో ఆటోలో వస్తారులే” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చింది. ఆదివారం ఆ ఆటో ఎక్కిందంటే రిటైరయ్యేదాకా ఎక్కుతూనే ఉండాలి.

దుకాణం యజమాని ఉమామహేశ్వర్లు గల్లాపెట్టె వెనక ఎత్తయిన స్టూలు మీద కూర్చున్నాడు. బుర్ర మీసాలు, ఊరంత గొంతు. ఆయన మొహం చూడాలంటే సుచరిత తలెత్తాల్సి వచ్చింది. కూర్చున్నచోటి నుంచే కొక్కెం కర్రతో సైకిళ్లు చూపించాడు.

“ఆ ఎర్రది ఎక్కి చూడు.”

ఎక్కింది. కాలి బొటనవేలు మాత్రమే నేలకు తగిలింది.

“దిగమ్మా దిగు. లారీ అడ్డమొస్తే కాలు ఆనించడానికి నేలను వెతుక్కోవాల. ఆ నీలంది?”

ఈసారి కాళ్లు ఆనాయి గానీ, హ్యాండిల్ అందాలంటే ముందుకు వాలిపోవాల్సి వస్తోంది.

“అదీ వద్దు. సగం దూరం పోకముందే మెడ పట్టేస్తాది. ఎక్కడన్నా ఆపాలంటే ముందు అరుగు చూసుకుంటావు గదా, కాలు పెట్టేదానికి?”

సుచరిత ఉలిక్కిపడింది. ఆ కిటుకు ఆమె ఎవరికీ చెప్పలేదు.

“ఇవన్నీ మీకెట్ల తెలుసన్నా?”

“ముప్పై ఏళ్ల దుకాణం,” అని ఆయన మీసం సవరించుకున్నాడు.

ఇంత తెలిసిన మనిషి లేచొచ్చి సైకిలు పట్టుకోడే! కొలిచే టేపు అడిగితే కర్ర చివర తగిలించి అందించాడు. దిగితే కిరీటం జారిపోతుందేమో అనుకుంది సుచరిత. పైనుంచి మాట్లాడేవాళ్లందరికీ ఈ టెక్కు మామూలే.

అప్పుడు కనిపించింది, మూలన గోడకు ఆనించిన ఆకుపచ్చ సైకిలు. పెడల్ రబ్బర్లు అరిగిపోయి ఉన్నాయి.

“అదో?”

“అది అమ్మకానికి లేదు.”

“మీ పిల్లలదా?”

“పిల్లలది గాదు, ఇంట్లోది. కంభం, గిద్దలూరు అన్నీ చూసొచ్చింది.”

“ఒక్కసారి ఎక్కుతానన్నా.”

ఆయన వద్దనేలోపే ఎక్కేసింది. హ్యాండిల్ చేతికొచ్చింది. బ్రేకులు వేళ్లకు అందాయి. రెండు పాదాలూ నిండుగా నేల మీద ఉన్నాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“దీన్ని నాకివ్వండన్నా!” అంది. మహేష్ సారు మాట, పులిహోర, ఆటో, అన్నీ చెప్పేసింది.

ఉమామహేశ్వర్లు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

“తీసుకుపో తల్లీ. నాలుగు వేలియ్యి చాలు. ఆదివారం ఆ సారు నీ వెనక చక్రం చూసుకుంటా రావాల.”

“మరి దీన్ని తొక్కే మనిషి?”

“ఇంకోటి బిగించుకుంటాడులే.”

సుచరిత వీధిలో ఒక చుట్టు తిరిగొచ్చి దిగింది. తొక్కుతుంటే మోకాళ్లు మరీ పైకొస్తున్నాయి.

“అన్నా, సీటు నాలుగు వేళ్లు పైకి లేపాల,” అంది. ఆ మాట ఆమె నోటి నుంచి రావడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి.

“లేపుదాం,” అంటూ ఉమామహేశ్వర్లు స్పానరు తీసుకుని, స్టూలు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

ఆమె భుజం దాకానే ఉన్నాడు.